ఫిజిక్స్ చెప్పే నేనే గ్రహణం రాత్రి కిటికీకి దుప్పటి కట్టాను. మీ ఇళ్లలో ఎలా?

ఖమ్మం మేడం:

ఇరవై ఆరేళ్లుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. ప్రతి ఏడూ బోర్డు మీద మూడు గుండ్రాలు గీస్తాను, సూర్యుడు, భూమి, చంద్రుడు. ప్రచ్ఛాయ అనే నిండు నీడ ఎక్కడ పడుతుంది, ఉపచ్ఛాయ అనే పలచని నీడ ఎక్కడ పడుతుంది అని రంగు సుద్దముక్కలతో చూపించి, గ్రహణం అంటే నీడ, ఇంకేం లేదు, అని గట్టిగా చెప్పి డస్టర్ కింద పెడతాను. అలాంటిదాన్ని 2025 సెప్టెంబర్ 7 ఆదివారం, చంద్రగ్రహణం రాత్రి ఏం చేశానో చెబుతాను, తిట్టాలనిపిస్తే తిట్టండి.

మా అమ్మాయికి ఐదో నెల. వినాయక నిమజ్జనం సెలవులకని మా ఇంటికి వచ్చింది. ఆదివారం సాయంత్రం వాళ్ల అత్తగారు ఫోన్ చేశారు. "వదినగారూ, ఇవాళ రాత్రి అమ్మాయిని కాస్త జాగ్రత్తగా చూసుకోండి, కత్తిపీట ముట్టుకోనివ్వద్దు, గోళ్లు గిల్లుకోనివ్వద్దు, వెల్లకిలా కదలకుండా పడుకోమనండి" అన్నారు. మంచి మనిషి ఆవిడ, బెదిరింపు లేదు, బతిమాలినట్టే అన్నారు. నేను "అలాగే వదినగారూ" అన్నాను. ఆ రెండు మాటలతో నా ఇరవై ఆరేళ్ల సర్వీసు అయిపోయింది.

ఎనిమిదింటికల్లా భోజనాలు ముగించాం. పచ్చడి జాడీల మీద, పాల గిన్నె మీద గరిక పెట్టాను. పడగ్గది కిటికీకి పాత దుప్పటి కట్టాను. మాది పాత ఇల్లు, బాత్‌రూమ్ పెరట్లో ఉంటుంది, అమ్మాయి రెండుసార్లు లేచింది, ఐదో నెల కదా, ఆపలేం. ఆ రెండుసార్లూ తల మీద తువ్వాలు కప్పి పంపించాను. తువ్వాలు! చంద్రుడి నుంచి కాపాడటానికి! రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, ఆ రాత్రి మాత్రం రాలేదు.

దుప్పటి కడుతుంటే అమ్మాయి అడిగింది, "అమ్మా, వెన్నెలంటే అద్దంలో పడి వచ్చిన ఎండలాంటిదే అని నువ్వేగా చెప్పావు. ఇవాళ అది రోజూ వచ్చేదానికంటే తక్కువే కదా వచ్చేది. తక్కువైతే కడుపులో బిడ్డకి ఏమవుతుంది?" ప్రశ్న నాదే, జవాబూ నాదే. "పడుకో బుజ్జీ" అన్నాను.

పదకొండుకి చంద్రుడు పూర్తిగా నీడలోకి వెళ్లాడు, పన్నెండూ ఇరవై దాటేదాకా అలాగే ఉన్నాడు. పక్క డాబా మీద పిల్లలు "ఎర్రగా అయింది, ఎర్రగా అయింది" అని అరుస్తున్నారు. మబ్బు వచ్చినప్పుడు "అయ్యో" అంటున్నారు, పోగానే మళ్లీ అరుపులు. ఎనభై రెండు నిమిషాలు నేను చీకట్లో ఆ అరుపులు విన్నాను. అమ్మాయికి కాపలా కదా, నేనూ చూడలేదు.

నాకు రాహువు మీద నమ్మకం లేదు. నా భయం వేరే. రేపు ఎక్కడైనా, ఎవరి చేతిలోనూ లేని కారణంతో బిడ్డకి చిన్న మచ్చ ఉన్నా సరే, "ఆ రోజు పుట్టింట్లో చూసుకోలేదు" అన్న మాట మా అమ్మాయిని జన్మంతా వెంటాడుతుంది. ఆ మాటకే దుప్పటి కట్టాను. ఇది పిరికితనమా, లౌక్యమా? మీలో సైన్సు చదువుకున్నవాళ్లు ఇళ్లలో ఏం చేస్తున్నారు, నిజం చెప్పండి.


గుంటూరు గవర్నమెంట్ డాక్టర్:

మేడం, ముందు మీ టెన్షన్ సంగతి. ఐదో నెల అన్నారు, బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ అయిపోయి ఉండాలి, లేకపోతే ఈ వారమే చేయించండి. గ్రహణం అంటే అందరి భయం మొర్రి గురించే కదా. పై పెదవి కలవడం నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్యలో, అంగిలి కలవడం తొమ్మిదో వారం ఆ ప్రాంతానికి అయిపోతుంది. అంటే మీరు దుప్పటి కట్టేనాటికి మీ మనవడో మనవరాలో పెదవుల పని ముగించుకుని చాలా రోజులైంది. మొర్రికి కారణాలు వేరు. కొంత వంశపారంపర్యం, తల్లి పొగ తాగడం, గర్భానికి ముందు నుంచీ అదుపులో లేని షుగరు, ఫిట్స్‌కి వాడే కొన్ని మందులు. గర్భం అనుకున్నప్పటి నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకోమని మేం నెత్తీ నోరూ కొట్టుకునేది పుట్టుక లోపాలు, ముఖ్యంగా వెన్ను, మెదడు లోపాలు రాకుండా ఉండటానికే, కానీ మా దగ్గరికి మూడో నెల నిండాక వస్తారు.

నాకు కోపం తెప్పించేది ఆ పేరు. తెలుగులో దాన్ని "గ్రహణం మొర్రి" అంటాం. అంటే జబ్బు పేరులోనే తల్లి మీద నేరం మోపేశాం. బిడ్డని ఎత్తుకుని ఓపీకి వచ్చిన తల్లి మొదట అడిగేది ఆపరేషన్ గురించి కాదు, "నేను ఆ రోజు బయటికి రాలేదు డాక్టరమ్మా, ఒట్టు" అంటుంది. ఎవరూ అడగకుండానే. వెనకాల అత్తగారు నిలబడి ఉంటుంది. మొదటి ఏడాదిలోనే పెదవికి ఆపరేషన్ చేస్తారు, కుట్టు గీత తప్ప పెద్దగా తెలియదు, కానీ ఆ తల్లి పెట్టిన ఒట్టు మాత్రం పోదు. నేను కేసు షీటు మీద ఆ పేరు రాయను, నోటితో కూడా అనను, "పెదవి చీలిక" అంటాను. మా సిస్టర్లు నవ్వుతారు, నవ్వనీ.

ఇంకోటి. దుప్పటి వల్ల నష్టం లేదు, ఉపవాసం వల్ల ఉంది. గర్భంతో షుగరు ఉన్నవాళ్లు గ్రహణం అని మధ్యాహ్నం నుంచి తిండి, నీళ్లు మానేసి కళ్లు తిరిగి పడిపోయి వస్తారు. మీరు ఎనిమిదింటికి అన్నం పెట్టారు, చాలు. సూర్యగ్రహణాన్ని మాత్రం ఉత్త కళ్లతో చూడొద్దు. రెటీనా కాలితే నొప్పి కూడా తెలియదు, తెలిసేసరికి చూపు మధ్యలో మచ్చ ఉంటుంది. చంద్రగ్రహణానికి ఆ గొడవ లేదు, ఎంతసేపైనా చూసుకోవచ్చు.


పెంకుటింటి పెద్దాయన (నల్లగొండ):

డాక్టరమ్మ సూర్యగ్రహణం అనగానే రాయాలనిపించింది. నాకిప్పుడు యాభై ఏడు. 1980 ఫిబ్రవరి 16, శనివారం, నాకు పన్నెండో ఏడు. సంపూర్ణ సూర్యగ్రహణం. మన దేశంలోకి కర్ణాటక తీరంలో అడుగుపెట్టి, రాయచూరు మీదుగా మన పాలమూరు, నల్లగొండ వైపు వచ్చి, అటు ఒడిశాలో కోణార్క్ దగ్గర సముద్రంలోకి దిగింది ఆ నీడ. సరిగ్గా మా ఊరి మీది నుంచి పోయింది.

అంతకుముందు ఏడాదే, 1979 జూలైలో స్కైలాబ్ పడుతుందని ఊరు ఊరంతా వణికింది. ఎట్లాగూ పోతున్నామని కోళ్లు కోసుకుని తిన్నారు. అది ఆస్ట్రేలియా వైపు పడింది, కోళ్లు మాత్రం తిరిగిరాలేదు. దానికీ ముందు 1962లో అష్టగ్రహ కూటమి అని యజ్ఞాలు చేశారట, మా నాయన చెప్పేవాడు. కాబట్టి 1980లో గ్రహణం అనేసరికి భయపడటం మాకు బాగా అలవాటైన పని. పట్నంలో జనం బయటికి రాకుండా టీవీలో సినిమా వేశారని తర్వాత విన్నాం, మా ఊళ్లో టీవీ ఎక్కడిది. తలుపులు పెట్టి, గొళ్లెం వేసి, మమ్మల్ని అయిదుగురు పిల్లల్ని నడిమింట్లో కూర్చోబెట్టి మా అవ్వ గడప దగ్గర కూర్చుంది.

ఇక్కడే అసలు సంగతి. మాది పెంకుటిల్లు. పడమటి వాలులో పెంకుల సందుల్లోంచి పొద్దు వాలే వేళ ఎండ బిళ్లలు నేల మీద పడతాయి, రూపాయి బిళ్లల మాదిరి, గుండ్రంగా. రోజూ చూసేవే. ఆ రోజు ఆ బిళ్లలకి ఒక పక్క కొరికినట్టయింది. మొదట మా చెల్లె చూసింది. "అన్నా, బిళ్లలు చూడు" అన్నది. చూస్తుండగానే అన్నీ నెలవంకలైనయి, పేడతో అలికిన నేల మీద ఇరవై ముప్పై నెలవంకలు, అన్నీ ఒక్క దిక్కే తిరిగి. సన్నబడి, సన్నబడి, గోటి చివర అంత అయి, ఆరిపోయినయి. చీకటి. కోళ్లు గంప కింద సర్దుకున్న చప్పుడు, ఎక్కడో కుక్క ఏడుపు. రెండు నిమిషాల పైచిలుకు ఉండొచ్చు, మాకు మాత్రం చాలా సేపనిపించింది. మళ్లీ నేల మీద నెలవంకలు, ఈసారి రెండో దిక్కు తిరిగి.

చూడకూడదని మమ్మల్ని లోపల పెడితే గ్రహణమే లోపలికి వచ్చింది. మా అవ్వ కూడా చూసింది. ఏమీ అనలేదు, చెంపలేసుకుంది.

డిగ్రీలో చేరాక తెలిసింది, అదే రోజు మాకు ఎంతో దూరం లేని రంగాపూర్ గుట్ట మీద, ఉస్మానియా వాళ్ల జాపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో, ఎక్కడెక్కడి సైంటిస్టులో వచ్చి కూర్చున్నారని. మేం అక్కడికి సైకిల్ మీద పోగలిగే దూరంలో గొళ్లెం వేసుకుని ఉన్నాం. కరోనాను చూసి ఉండాల్సింది, జబ్బు కాదు, సూర్యుడి చుట్టూ ఉండే తెల్లని వెలుగు, ఆ పేరు. చూడలేదు. మళ్లీ మా ఊరికి అట్లాంటిది నా జన్మలో రాదు. మేడం, మీరు పిరికివారా కాదా అని నేను చెప్పను, కానీ ఆ ఎనభై రెండు నిమిషాలు మీరు పోగొట్టుకున్నారు, అది మాత్రం నిజం.


గోదారి కుర్రాడు:

ఇదంతా మన సంస్కృతిని కించపరచడానికే. పెద్దలు ఊరికే చెప్పలేదు. మా ఊళ్లో గ్రహణం రోజు పళ్లెంలో నీళ్లు పోసి రోకలి నిలబెడితే దానంతట అదే నిలబడుతుంది, విడవగానే పడిపోతుంది. మీ సైన్సు దీనికేమంటుంది?


జీళ్లపాకం:

తమ్ముడూ, రోకలి అడుగు చదునుగా ఉంటుంది, పొన్ను కూడా ఉంటుంది, బరువు అడుగునే. ఓపిగ్గా నిలబెడితే బుధవారం కూడా నిలబడుతుంది, అమావాస్య కూడా అక్కర్లేదు. నేను నిన్న నిలబెట్టాను, ఫోన్లో సీరియల్ చూస్తూ. జన విజ్ఞాన వేదిక వాళ్లు ఊరూరా తిరిగి మామూలు రోజుల్లో ఎన్నిసార్లు నిలబెట్టి చూపించారో. గ్రహణం రోజు నిలబడటం గొప్ప కాదు, మిగతా రోజుల్లో ఎవరూ నిలబెట్టకపోవడమే కారణం. విడవగానే ఎందుకు పడిందంటే మీ పిన్ని దాన్ని తీసి కడిగింది.


పురోహితుల అబ్బాయి (ప్రస్తుతం డల్లాస్):

సంస్కృతి మాట వచ్చింది కాబట్టి, నేను ఆ ఇంట్లోంచే వచ్చాను. మా నాన్నగారు పంచాంగం లెక్కలు కట్టేవారు. గ్రహణం పట్టే సమయం, విడిచే సమయం పలక మీద వేసుకునేవారు. ఆ లెక్కలో ఎక్కడా పాము లేదండీ. చంద్రుడి దారి సూర్యుడి దారిని కోసుకునే చోటు ఒక లెక్క, దాని పేరు రాహువు, ఎదుటి చోటు కేతువు. భూమి నీడ వెడల్పు ఎంత, చంద్రుడు అందులో ఎంతసేపు ఉంటాడు, అంతే. సూర్యసిద్ధాంతంలో ఉన్నది నీడే. ఆర్యభటుడు అయిదో శతాబ్దం చివరికే చంద్రుణ్ణి కప్పేది భూమి నీడ అని ఒక్క శ్లోకంలో తేల్చేశాడు. కాబట్టి "మన పెద్దలు" అంటే ఏ పెద్దలు అన్నది ముందు తేల్చుకోవాలి. లెక్క కట్టిన పెద్దలా, తలుపు వేసిన పెద్దలా? మా ఇంట్లో ఇద్దరూ ఒకరే, అది వేరే సంగతి.

నాన్నగారు పట్టుస్నానం చేసి, గోదావరిలో మోకాళ్ల లోతు నిలబడి జపం చేసుకుని, విడుపు స్నానం చేసి వచ్చేవారు. అంటే గ్రహణం ఉన్నంతసేపూ ఆకాశం కిందే ఉండేవారు! ఇంట్లో బంధించింది అమ్మనీ, అక్కనీ, వదిననీ. ఈ తేడా నాకు ముప్పై ఏళ్లొచ్చాక గానీ కనిపించలేదు. తిరుమలలో తలుపులు మూసేస్తారు, శ్రీకాళహస్తిలో తెరిచే ఉంచి రాహుకేతు పూజలు చేస్తారు. గుడికీ గుడికీ ఆచారం ఒకటి కానప్పుడు ఇంటికీ ఇంటికీ ఒకటే ఎందుకుండాలి.

అయితే ఒకటి ఒప్పుకోవాలి మేడం. 2024 ఏప్రిల్ 8న ఇక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం చూసే ప్రత్యేక కళ్లద్దాలు పెట్టుకుని పార్కింగ్ లాట్‌లో అందరితో కలిసి నిలబడ్డాను. ఒక్కసారిగా పగలు ఆరిపోయేసరికి ఆఫీసువాళ్లు చప్పట్లు కొట్టారు, కొందరు ఏడ్చారు. నా చేయి దానంతట అదే జంధ్యం మీదికి వెళ్లింది. నమ్మకం కాదు. భయమూ కాదు. ఇంకేం చేయాలో నాకు తెలియలేదు. ఇంటికెళ్లి స్నానం చేశాను కూడా. ఇంట్లోవాళ్లకి చెప్పలేదు.


డ్రాయింగ్ సార్:

నల్లగొండ పెద్దాయన బిళ్లలు చదివి ఆగలేకపోయాను. నేను హైస్కూల్లో డ్రాయింగ్ చెబుతాను. 2020 జూన్ 21న పాక్షిక గ్రహణం, లాక్‌డౌన్ రోజులు, బడి లేదు. మా ఆవిడ బూందీ గరిటె తెచ్చి వాకిట్లో ఎండకి పట్టుకున్నాను. గరిటెకి ఎన్ని చిల్లులుంటే అన్ని చిన్న చిన్న కొరికిన సూర్యులు నేల మీద. కింద ముగ్గు ఉంది, చుక్కల ముగ్గు. చుక్క చుక్కకీ ఒక నెలవంక పడేట్టు గరిటె జరుపుతూ కూర్చున్నాను, అరగంట. పక్కనున్న వేపచెట్టు కింద అయితే లెక్కలేనన్ని, ఆకుల సందులన్నీ చిల్లులే కదా, గాలి వీస్తే అన్నీ కదులుతున్నాయి. ఇన్నేళ్లుగా చెట్టు నీడ గీయమంటే పిల్లలతో నల్లగా పూయించాను. చెట్టు నీడలో ఉండేవన్నీ సూర్యుడి బొమ్మలేనని, మామూలు రోజున గుండ్రంగా ఉంటాయి కాబట్టి మనం గమనించం అని, నాకు ఆ రోజు దాకా తెలియదు. ఇప్పుడు గీయిస్తున్నాను.

మేడం, మీ క్లాసులో మూడు గుండ్రాలకి బదులు ఒకసారి బూందీ గరిటెతో మొదలుపెట్టండి.


అరండల్‌పేట:

గ్రహణం మాట వచ్చి గుంటూరు మాట రాకపోతే మా ఊరికి అవమానం. 1868 ఆగస్టు 18, మా గుంటూరులో సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త వచ్చి ఇక్కడ స్పెక్ట్రోస్కోప్, అంటే వెలుగుని రంగుల గీతలుగా విడదీసి చూపే పరికరం, పెట్టాడు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్, వనపర్తిలో అదే అబ్జర్వేటరీకి చెందిన చింతామణి రఘునాథాచారి. హీలియం గుంటూరులో దొరికిందని మా లెక్చరర్లు ఛాతీ విరుచుకుని చెప్పేవారు.

ఊరివాడిగా నాకే చేదుగా ఉండే మాట ఒకటి చెప్పాలి. జాన్సెన్ అసలు ఘనత హీలియం కాదు. సూర్యుడి అంచున ఎగసే మంటల గీతలు అంత ప్రకాశంగా ఉన్నాయంటే వీటికి గ్రహణంతో పనేముంది అనుకుని, మర్నాడు మామూలు ఎండలోనే వాటిని మళ్లీ చూశాడు. ఇంగ్లండులో లాకియర్ అక్టోబరులో ఇదే పని ఏ గ్రహణమూ లేకుండా చేశాడు, ఇద్దరి ఉత్తరాలూ పారిస్ అకాడమీకి ఒకే రోజు చేరాయి. ఆ మంటల వెలుగులో కనిపించిన పసుపు గీత సోడియందని ముందు అనుకున్నారు. కాదు, భూమ్మీద తెలియని మూలకానిది అన్నది లాకియర్, అదే హీలియం. భూమ్మీద అది దొరికింది 1895లో, రామ్‌సే అనే రసాయన శాస్త్రవేత్త చేతిలో, అంటే ఇరవై ఏడేళ్ల తర్వాత. కాబట్టి "గుంటూరులో కనిపెట్టారు" అన్నది మన ముద్దు.

నాకు నచ్చేది ఆ మర్నాడు, ఆగస్టు 19. మన ఊళ్లో జనం విడుపు స్నానాలు చేసి, జాడీల మీద దర్భలు తీసేసి, హమ్మయ్య అయిపోయిందనుకుని పనుల్లో పడి ఉంటారు. అదే ఊళ్లో ఒకడు గ్రహణం అయిపోయాక కూడా చూస్తూనే ఉన్నాడు.


ఖమ్మం మేడం:

అందరికీ థాంక్స్. డాక్టర్ గారూ, టిఫా అయింది, అంతా బాగుందన్నారు. "పెదవి చీలిక" అనడం ఇవాళే మొదలుపెట్టాను. పురోహితుల అబ్బాయీ, మగవాళ్లు నదిలో, ఆడవాళ్లు గదిలో అన్నది చదివి చాలాసేపు అలా కూర్చున్నాను. మా ఆయన ఆ రాత్రి డాబా మీదే ఉన్నారు. నాకు తట్టనేలేదు. గోదారి కుర్రాడా, నీ మీద కోపం లేదు నాన్నా, నేను దుప్పటి కట్టినదాన్ని, నిన్నేమంటాను.

ఇదంతా నిన్న రాత్రి మా అమ్మాయికి చదివి వినిపించాను. పెద్దాయన ఎండ బిళ్లల దగ్గరికి వచ్చేసరికి నవ్వడం మొదలుపెట్టింది. ఎందుకే అంటే ఫోన్ తెచ్చి చేతిలో పెట్టింది. ఫొటో. వంకరగా ఉంది, కదిలిపోయింది, ఒక మూల మా పెరటి గోడ, జామచెట్టు కొమ్మ. మధ్యలో చంద్రుడు, పాత ఇటుక రంగులో. టైము పదకొండూ నలభై ఒకటి. పైన అంచుకి అడ్డంగా ఏదో తెల్లటి మసక ఉంటే ఇదేమిటే అన్నాను.

"నువ్వు కప్పిన తువ్వాలమ్మా" అంది.